శనివారం పడవకి రా

సాఁ పియేర్ దీవి,
1986 డిసెంబరు 30, మంగళవారం.

ప్రియమైన హెడ్లీకి,

నీ భార్య మెల్వీనా రాస్తున్నది. నా ఒంటికి ఏ లోటూ లేదు. అక్కడ నువ్వూ, మోకాళ్ళ నొప్పులు పోను అత్తయ్యా బాగానే ఉన్నారని అనుకుంటున్నాను. మనసు సంగతి అడిగితే మాత్రం మహా చికాకుగా ఉంది. ముందే చెప్పేస్తున్నాను, ఈ ఉత్తరం నిండా ఆ చికాకే ఉంటుంది. అత్తయ్యకు పైకి చదివి వినిపించకుండా, పొయ్యి దగ్గర కుర్చీ లాక్కుని నీలో నువ్వే చదువుకో.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని అనుకుంటావు. ఇక్కడ ఫోన్ ఉండేది నేను అద్దెకుంటున్న ఇంటావిడ మదామ్ అపెస్తెగీ వంటింటి గోడకు. నేను మాట్లాడుతుంటే ఆవిడ ఉల్లిపాయలు తరగడం ఆపి మరీ వింటుంది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదంటుంది గాని, నేను ఫోన్ పెట్టీ పెట్టగానే "మీ అత్తగారి మోకాలు ఎలా ఉంది?" అని అడుగుతుంది. ఆ చివరేమో నువ్వు. మీ గడియారం మా దానికన్నా అరగంట వెనక కాబట్టి నేను ఎప్పుడు చేసినా నువ్వు కంచం ముందే ఉంటావు. ఏదో నములుతూ "ఊఁ" అంటావు. ఆ ఊఁలతో తేలే సంగతి కాదిది. మన రెండు ఒడ్ల మధ్య తిరిగే పడవ ఇంజను బాగు చేయడానికి మన ఫార్చూన్ నుంచి వచ్చిన సైలస్, రేపు పొద్దున దాన్ని ఒకసారి మన ఒడ్డు దాకా నడిపి చూస్తాడట. ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు చెబుతాను.

గది వెచ్చగా ఉందా అన్నావు. లేదు. రాత్రి భోజనాలు కాగానే మదామ్ పొయ్యి తగ్గించేస్తుంది. చలేస్తోందని చెబితే, "మా ఆయన బతికుండగా ఇదే గదిలో కిటికీ తీసుకుని పడుకునేవాడు" అంది. ఆయన ఎలా పోయాడని అడిగాను. "ఊపిరితిత్తుల జబ్బుతో" అంది, తడుముకోకుండా. ఆ తర్వాత ఏమనుకుందో, ఇంకో ఉన్ని దుప్పటి తెచ్చి మంచం మీద పడేసింది. అది గుచ్చుకుంటుంది. అయినా కప్పుకుంటున్నాను.

బడిలో ఇంకా నా ఇంగ్లీషును చూసి నవ్వుతున్నారా అన్నావు. పిల్లలు నవ్వడం మానేశారు. ఇప్పుడు మదమ్వజెల్ వెర్డియే వంతు. సెప్టెంబరులో ఫ్రాన్సు నుంచి వచ్చిన కొత్త టీచరని రాశాను కదా, ఆవిడే. ఇంగ్లీషు విభాగానికి ఆవిడను పెద్దను చేశారు. సెలవులకు ముందు వారం నా తరగతికి వచ్చి వెనక బల్ల మీద కూర్చుంది. పిల్లలకు భోజనాల పేర్లు చెబుతున్నాను. మధ్యాహ్నం తినేది డిన్నర్ అన్నాను. వెనకనుంచి చెయ్యి లేచింది.

"క్షమించండి. డిన్నర్ అంటే రాత్రి భోజనం."

"మా ఊళ్ళో మధ్యాహ్నందే డిన్నర్."

"మీ ఊరు పుస్తకంలో లేదండీ."

ముందు వరసలో సోలాంజ్ అనే పిల్ల ఉంది, దాని నోటికి మూత పడదు. అది లేచి నిలబడి, "మదామ్, మరి మీ ఊళ్ళో రాత్రిళ్ళు పస్తులేనా?" అంది. తరగతంతా గొల్లుమంది. నాకూ నవ్వొచ్చేది, వెనకావిడ ఆ క్షణాన ఏదో రాసుకోకుండా ఉంటే. గంట కొట్టాక హెడ్‌మాస్టరు మొస్యూ కార్లియే గదికి పిలిచాడు. "మీరు పుట్టి పెరిగిన భాషే అనుకోండి. కాని పరీక్ష రాసేది పిల్లలు కదా" అన్నాడు. నలభై మూడేళ్ళ నుంచి నేను మాట్లాడుతున్న భాషను, పన్నెండేళ్ళు పుస్తకంలో నేర్చుకున్నావిడ దిద్దింది. నేను తల ఊపి వచ్చేశాను. ఆ తల ఊపడమే ఇప్పటికీ నన్ను తినేస్తోంది.

ఇక మన ఊరి పండుగ వేషాలు ఇక్కడి పిల్లలకు నేర్పుతున్నానని రాస్తే, ఎలా సాగుతోందని అడిగావు. బాగా సాగింది. ముఖాలకు పాత తెరగుడ్డలు కట్టుకోవడం, చొక్కాలో దిండ్లు కుక్కుకోవడం, గొంతు పోల్చుకోకుండా ఊపిరి లోపలికి పీలుస్తూ మాట్లాడటం, అన్నీ వచ్చేశాయి. సెలవులకు ముందు బడి చివరి రోజున హాల్లో ఆడించాలని నా ఆశ. వర్షపు బూట్లతో వస్తే కొత్తగా రుద్దించిన నేల పాడవుతుందని మొస్యూ కార్లియే రద్దు చేశాడు. బూట్లు విప్పిస్తానన్నాను. అయితే మేజోళ్ళతో జారి పడతారన్నాడు.

ఏ రోజు బయల్దేరుతున్నావని నీ నాలుగో ప్రశ్న. దానికి నువ్వు జవాబు కొంత విన్నావు, కొంత వినలేదు. అసలు మన కష్టం ఎవరికి చెబితే నమ్ముతారు? తెరిపి ఉన్న రోజున నా కిటికీలోంచి మన ఫార్చూన్ కొండలు కనిపిస్తాయి. పడవ నడుస్తుంటే పొద్దున కాఫీ ఇక్కడ తాగి, డిన్నర్ నీతో తినొచ్చు. మధ్యాహ్నం డిన్నరే. కాని పండుగ ముందు ఇంజను మొరాయించింది. ఇక మిగిలింది ఆ చిన్న విమానం. అది మనవైపు పోదు. సెయింట్ జాన్స్‌లో దింపితే అక్కడ బస్సెక్కి, మంచు రోడ్డు మీద సగం రోజు వెనక్కి రావాలి. ఎదురింటికి వెళ్ళడానికి ఊరంతా చుట్టి రావడమన్నమాట. సరే, అలాగే వద్దామనుకున్నాను. పోయిన వారం సోమవారం పెట్టె సర్దుకుని విమానాల షెడ్డుకు వెళ్ళాను. పొగమంచు. మంగళవారం మళ్ళీ వెళ్ళాను. ఆ రోజు విమానం వచ్చింది, మా తలల మీదే తిరిగింది, చప్పుడు వినిపించింది, నేల కనపడక వెనక్కి పోయింది. బెంచీ మీద నా పక్కన ఒక ముసలాయన చేపల బుట్టతో కూర్చున్నాడు. "దిగుతుందంటావా?" అని నన్ను అడిగాడు. దిగదన్నాను. "టీచరమ్మవు కదా, నువ్వు చెబితే అంతే" అని తృప్తిగా బుట్ట మీద చెయ్యి వేసుకుని నిద్రపోయాడు. బుధవారమూ అంతే. పెట్టె తీసుకెళ్ళడం, పెట్టె తీసుకురావడం. ఆ బుధవారమే క్రిస్మస్ ముందు రాత్రి.

పండుగ భోజనం మదామ్ ఇంట్లోనే. ఆల్చిప్పలు, బాతు, ఆపైన దుంగ ఆకారంలో చేసిన కేకు. మదామ్ తమ్ముడు లెయోన్ వచ్చాడు. రేవులో పనిచేస్తాడు, మనిషి చెడ్డవాడు కాదు గాని, లోపల రెండు గ్లాసులు పడితే వీళ్ళ ఫ్రాన్సుకూ మనకూ మధ్య నడుస్తున్న చేపల గొడవకు వచ్చేస్తాడు.

"మీవాళ్ళు మా చేపలన్నీ పట్టుకుపోయి, మాకు ఇంగ్లీషు పంతులమ్మను ఇచ్చారు" అన్నాడు.

"అయితే చేపలు తీసుకుని నన్ను వెనక్కి పంపించెయ్" అన్నాను.

అందరూ నవ్వారు. అతనూ నవ్వి, "పంపించడమెందుకు, నువ్వే పోతున్నావటగా. మీ మరిది కొట్లో కూర్చుంటావటగా జనవరి నుంచి. సైలస్ చెప్పాడు" అన్నాడు.

మదామ్ నా వంక చూసింది. నేను ఆల్చిప్ప వంక చూశాను.

హెడ్లీ, సైలస్ తెచ్చిన నీ ఉత్తరంలో ఆ మాట చదివాను. నాలుగు ప్రశ్నలు అడిగి, అయిదోది అడగకుండానే తేల్చి రాశావు. "బెర్ట్ కొట్లో జనవరి నుంచి నీకు పని ఖాయం చేశాను. ఆ ఫ్రెంచివాళ్ళకు చెప్పేసి రా." అది చదివినప్పుడు కోపం వచ్చింది గాని, ఎదురుగా కూర్చుని తేల్చుకుందాంలే, పండుగకు వెళ్తున్నాను కదా అనుకున్నాను. కాని నాకు రాయకముందే నువ్వు ఊళ్ళో చెప్పావు. ఊళ్ళో చెబితే సైలస్‌కు తెలిసింది, సైలస్‌కు తెలిస్తే ఈ దీవికంతటికీ తెలిసింది. నా ఉద్యోగం పోయిందన్న కబురు, నేను అవునో కాదో అనకముందే లెయోన్‌కు అందింది. దాన్ని నా మొహం మీదే అన్నాడు, నేనింకా ఆల్చిప్పలు తింటుండగానే.

పండుగ మర్నాడు మధ్యాహ్నం తలుపు దబదబా బాదారు. తీస్తే అయిదుగురు. మొహాలకు తెరగుడ్డలు, పొట్టల్లో దిండ్లు, తండ్రుల రబ్బరు కోట్లు. ఊపిరి లోపలికి పీలుస్తూ, ముమ్మూర్తులా మన ఊరి యాసలో, "వేషాలను లోపలికి రానిస్తారా?" అన్నారు. నా ఇంగ్లీషు హెడ్లీ, నా నోట్లోంచి వచ్చినట్టే ఉంది. రానిచ్చాను. మదామ్ తుడుచుకున్న నేల మీద మంచు బురదతో చిందులు వేశారు. ఒకడు దీపం పడేశాడు. మదామ్ అరవడం మొదలుపెట్టింది. నేను ఒక్కొక్కరినీ పోల్చుకుంటూ వచ్చాను. చివరిది సోలాంజ్. తెరగుడ్డ తీసి, ఒగరుస్తూ, "బడిలో ఆడనివ్వలేదు కదా మదామ్. మీరు వెళ్ళిపోయేలోపు ఒకసారి చూపిద్దామని వచ్చాం" అంది.

నేనేం చేశానో చెప్పనా? అరిచాను. "వెళ్ళిపోతున్నానని ఎవరు చెప్పారే మీకు? పొండి ఇళ్ళకు" అని కేకలేశాను. పిల్లలు బిత్తరపోయి మెట్లు దిగి వెళ్ళారు. ఒకడి దిండు దారిలో జారిపోతే, తీసుకోవడానికి కూడా వెనక్కి తిరగలేదు. అది నేనే వెళ్ళి తెచ్చాను, తడిసి ముద్దయి ఉంది. నీ మీద అరవాల్సింది వాళ్ళ మీద అరిచాను.

ఆ రోజు విమానం రానేలేదు. విమానం సంగతి ఇక్కడిదాకా నీకు తెలిసిందే, కొంచెం అటూ ఇటూగా. దీని తర్వాతది చెప్పడానికే ఈ కాగితాలన్నీ.

మొన్న శనివారం నేను నీకు ఫోన్ చేశాను. ఇవాళ కూడా పొగమంచేనని చెప్పాను. అది అబద్ధం. శనివారం పొగమంచు లేదు. ఆకాశం తుడిచినట్టు ఉంది. విమానం వేళకు దిగింది. నేను వరసలో నిలబడ్డాను, పెట్టె తూకం కూడా వేశారు. టికెట్లు చూసే తెయో మన సోలాంజ్ తండ్రే. చీటీ రాస్తూ, తల ఎత్తకుండా, "తిరుగు ప్రయాణం ఎప్పటికి రాయను మదామ్?" అన్నాడు.

రోజూ అందరినీ అడిగే మాటే. నాలుగో తారీఖు అందామంటే, నువ్వు ఊరందరిలో చెప్పిన మాట అడ్డం వచ్చింది. తిరిగి రావడం లేదు అందామంటే, ఆ మాట అసలు నా గొంతులోంచి రాలేదు. నా వెనక జనం నిలబడి ఉన్నారు. ఎవరో పసిపిల్లను ఎత్తుకుని ఉన్నారు, ఆ పిల్ల ఏడుస్తోంది. తెయో తల ఎత్తాడు. "ఒక్క నిమిషం" అని పక్కకు జరిగాను. పెట్టె మీద కూర్చున్నాను. ఒక్క నిమిషమే అనుకున్నాను, నీ మీద ఒట్టు. విమానం వెళ్ళిపోయేదాకా అక్కడే కూర్చుని ఉన్నాను. లేవమని ఎవరూ అనలేదు. అంటే లేచేదాన్నేమో.

ఇంటికి వస్తే మదామ్ వాకిట్లో మంచు తోస్తోంది. పెట్టె చూసింది, నన్ను చూసింది.

"మళ్ళీ పొగమంచా?" అంది.

"అవును" అన్నాను.

ఆవిడ తల ఎత్తి ఆ నీలం ఆకాశాన్ని ఒకసారి చూసింది. పార గోడకు ఆనించి లోపలికి వెళ్ళి బల్ల మీద నాకో కంచం పెట్టింది. ఒక్క మాట అడగలేదు. అన్నిటికీ ఆరా తీసే మనిషి.

తర్వాత నీకు ఫోన్ చేశాను. పొగమంచు అన్నాను. నువ్వు "సరే" అన్నావు.

మన గుమ్మంలో నిలబడితే, తెరిపి ఉన్న రోజున ఈ దీవి కనిపిస్తుంది హెడ్లీ. ఆ రోజు ఇక్కడినుంచి నాకు మన ఒడ్డున ఇళ్ళ కప్పులు కూడా కనిపించాయి. నువ్వు పొద్దున లేవగానే కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడేది ఆ గుమ్మంలోనే. నీకు తెలుసు. పొగమంచు లేదని తెలిసి కూడా "సరే" అని ఫోన్ పెట్టేశావు. నేను అబద్ధమాడినందుకు సిగ్గుపడుతున్నాను, కాదనను. కాని నువ్వు అడగకపోవడం నాకు అంతకన్నా ఎక్కువ బాధగా ఉంది. అరిచినా బాగుండేది. "ఎండ కాస్తోంది కదే, ఏమైంది నీకు?" అని ఒక్క మాట అడిగితే, మదామ్ వింటున్నా సరే, అక్కడే ఏడ్చి అన్నీ చెప్పేసేదాన్ని.

ఇక్కడ నేనేదో సుఖపడుతున్నానని అనుకోకు. పై రెండు కాగితాలూ మళ్ళీ చదివితే తెలుస్తుంది. చలి గది, గుచ్చుకునే దుప్పటి, నా భాషను నాకే దిద్దే మనిషి. మొన్న రొట్టెల కొట్టు దగ్గర వెర్డియే కనపడి, "మీరు వెళ్ళాక మీ తరగతులు నేనే తీసుకుంటాను, బెంగ పెట్టుకోకండి" అంది ఎంతో దయగా. ఆ దయ చూసి రొట్టె ఆవిడ నెత్తిన వేయాలనిపించింది. అలాగని మన ఊరు చేదయిందనీ కాదు. బెర్ట్ కొట్టు చిన్నతనమనీ కాదు. ఈ చేపల గొడవలో ఫ్రెంచి గస్తీ పడవల వల్ల వలలు పోయాక అతను ఆ కొట్టు ఎంత కష్టపడి నిలబెట్టాడో నేను చూశాను. నువ్వు ఈ దీవి మీద కాలు పెట్టనని పంతం పట్టింది అప్పుడే. సరేనన్నాను. మన ఊరి బడిలో పిల్లలు తగ్గి నా ఉద్యోగం పోయి, ఇక్కడ దొరికినప్పుడు, "వెళ్ళు, చూద్దాం" అన్నావు. ఇది మూడో చలికాలం. ఒక్కసారి కూడా రాలేదు. నేను ఎక్కడ పడుకుంటానో, ఏ వీధిలో నడుస్తానో, నన్ను మదామ్ అని పిలిచే ఆ పిల్లలు ఎలా ఉంటారో నీకు తెలియదు. తెలియని చోటునుంచి నన్ను తీసేయడం తేలిక.

"పిల్లాజెల్లా లేని ఇల్లు, ఆడది కూడా లేకపోతే అది ఇల్లెలా అవుతుంది?" అని అత్తయ్య అంటోందని రాశావు. ఆవిడ అన్నది రాశావు. నువ్వేమంటున్నావో రాయలేదు. నేను లేకపోతే నీకు వెలితిగా ఉందా? ఉంటే ఆ మాట రాయి. ఆ మాట రాసి ఉంటే, తెయో అడిగినప్పుడు నేనేం చెప్పి ఉండేదాన్నో నాకే తెలియదు. ఖాయం చేశాను అన్న మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేదు.

నిన్న సైలస్ వచ్చాడు, రేపటి ప్రయాణం చెప్పడానికి. "నువ్వూ ఎక్కు, హెడ్లీ ముందు దింపేస్తాను, కొత్త సంవత్సరం కలిసి చేసుకోండి" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. రానన్నాను. "ఏం చెప్పమంటావు అతనికి?" అన్నాడు. ఏమీ చెప్పొద్దు, ఉత్తరం ఇస్తాను అన్నాను. కాబట్టి అతన్ని నిలదీయకు.

మొస్యూ కార్లియే దగ్గరకు కూడా నిన్ననే వెళ్ళాను. సెలవుల్లో ఇంటికి వచ్చి తలుపు కొట్టినందుకు మొహం చిట్లించాడు. "జూన్ దాకా నా తరగతులు నావే. ఈ మాట మీ నోటితోనే వెర్డియేగారికి చెప్పండి" అన్నాను. చెబుతానన్నాడు. ఈసారి తల ఊపింది అతను. అక్కడినుంచి పిల్లల ఇళ్ళకు వెళ్ళాను, దిండు పట్టుకుని. అరిచినందుకు తప్పయిందని చెప్పాను. దిండు పిల్లాడి తల్లి, "బురద తొక్కితే అరవరా మరి" అని నన్నే ఓదార్చింది. సోలాంజ్ మాత్రం తలుపు సందులోంచి చూసి, "ఉంటున్నారా, పోతున్నారా?" అని తేల్చి అడిగింది. జూన్ దాకా ఉంటానన్నాను. "ఆ తర్వాత?" అంది. మా ఆయనతో మాట్లాడాలి అన్నాను.

అదే అడుగుతున్నాను. జూన్ తర్వాత ఏం చేయాలో నేనొక్కదాన్ని తేల్చను, నువ్వొక్కడివి తేల్చకు. ఎదురుబదురుగా కూర్చుని తేల్చుకుందాం. పోట్లాట అయినా సరే. కాని ఈసారి నేను పెట్టె సర్దను. శనివారం నుంచి పడవ మళ్ళీ నడుస్తుంది. నువ్వు రా. పంతాన్ని బెర్ట్ కొట్లో ఒక్క రోజు దాచుకుని రా. రేవులో ఎవరూ నిన్ను కొరకరు. లెయోన్ ఒక మాట అంటాడు, నువ్వూ ఒకటి అను, దాంతో సరిపోతుంది. ఆదివారం అదే పడవలో వెళ్ళిపోదువుగాని.

నువ్వు వస్తావో రావో నాకు తెలియదు. శనివారం నేను రేవులో ఉంటాను. రాకపోతే ఇంటికి వచ్చి పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుకుంటాను. సోమవారం బడి తెరుస్తారు, బడికి వెళ్తాను.

ఈ ఉత్తరం రాస్తుంటే ఇందాక మదామ్ తలుపు తీసి, నీకు రాస్తున్నానని ఎలా కనిపెట్టిందో, "శనివారం వస్తే మీ ఆయనకు ఏం వండమంటావు? ఏమంటే ఇష్టం?" అంది. ఉప్పు చేప, బంగాళాదుంపలు అని టక్కున చెప్పాను. ఆవిడ వెళ్ళాక ఆలోచించాను. అది నేను వచ్చేయకముందు సంగతి. మూడు చలికాలాలు నీ వంట నువ్వే వండుకుని తిన్నావు. ఇప్పుడు నీకు ఏమంటే ఇష్టమో నాకు నిజంగా తెలియదు హెడ్లీ. వచ్చి చెప్పు.

ఇట్లు,
రేవులో నీకోసం చూసే
నీ భార్య
మెల్వీనా